కొత్త బండి రన్నింగ్-ఇన్: మొదటి 1000 కిలోమీటర్లు ఎలా నడపాలి?

కొత్త మోటార్‌సైకిల్ షోరూమ్ గుమ్మం దాటే రోజున తాళంచెవులతో పాటు అందరికీ దొరికే సలహా ఒకటి ఉంది: "వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటించకండి." అమ్మినవారూ అదే చెబుతారు, వీధి చివరి మెకానిక్కూ అదే చెబుతాడు, ఏళ్ల తరబడి ఒకే బండి నడుపుతున్న బాబాయిగారూ అదే చెబుతారు. ఈ మాటలో సగం సరైనదే. కొత్త ఇంజన్‌ను మొదట్లో విపరీతంగా వేడెక్కించకూడదు, పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకూడదు. అంతవరకు పేచీ లేదు. అయితే ఆ నలభైని పట్టుకుని విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గుంటూరు దాకా టాప్ గేరులో, ఒకే వేగంతో, యాక్సిలరేటర్ కదపకుండా వెళ్లేవారు ఇంజన్‌కు మేలు చేస్తున్నామనుకుంటూనే దానికి జరగవలసిన పనిని జరగనివ్వడం లేదు. కొత్త ఇంజన్ మీద ఒక మోస్తరు బరువు, అంటే అది లాగవలసిన పని, పడాలి, ఆ బరువు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. కొత్త ఇంజన్‌ను మొదట్లో ఇలా నడిపి లోపలి భాగాలను ఒకదానికొకటి ఒదిగించడమే రన్నింగ్-ఇన్. రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లే దారిలోనే, అదనపు ఖర్చేమీ లేకుండా దీనిని ఎలా చేసుకోవచ్చో వరుసగా వివరిస్తాను.

ఇంజన్ లోపల జరిగేది

సిలిండర్ గోడను ఫ్యాక్టరీలో అద్దంలా నునుపు చేసి వదలరు. హోనింగ్ అనే పనితో దాని మీద ఒకదానినొకటి ఖండించుకునే సన్నని ఏటవాలు గీతలు గీస్తారు. ఆ గీతల లోతులో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన సూక్ష్మమైన గట్లు, పిస్టన్ చుట్టూ గాడుల్లో ఉండే రింగుల అంచులతో రాసుకుని కొంత అరుగుతాయి. రింగూ గోడా ఈ విధంగా ఒకదానికొకటి ఒదిగి, మధ్య నుంచి గ్యాస్ జారిపోకుండా బిగుతుగా అమరడాన్నే మెకానిక్కులు రింగులు సెట్ కావడం అంటారు. ఈ పనిలో ఎక్కువ భాగం మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే జరిగిపోతుంది. అందుకే రన్నింగ్-ఇన్‌ను తరువాత తీరికగా చేసుకుందామంటే కుదరదు.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, రింగు తన సొంత స్ప్రింగు బలంతో గోడను ఒత్తేది కొద్దిగానే. పెట్రోలు మండినప్పుడు పుట్టే పీడనం పిస్టన్ గాడిలోకి, రింగు వెనకకు చేరి, దానిని గోడ మీదికి నెడుతుంది. అసలు ఒత్తిడి అక్కడి నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ ఎప్పుడూ కొద్దిగా మాత్రమే తెరిచి నడిపితే ఆ పీడనం చాలదు. గట్లు అరగవలసిన తీరులో అరగవు, పైపైన నునుపెక్కుతాయి, గీతల లోతులో కాలిన ఆయిల్ గట్టి పొరగా పేరుకుంటుంది. దీనిని గ్లేజింగ్ అంటారు. ఒకసారి ఇలా జరిగితే తరువాత ఎంత జాగ్రత్తగా నడిపినా రింగులు సరిగా అమరవు. ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, పికప్ మందగిస్తుంది, చివరకు ఇంజన్ విప్పి మళ్లీ హోనింగ్ చేయించవలసి వస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. ఇంకా అరగని గట్ల కొనల దగ్గర రాపిడి ఎక్కువ, రాపిడి ఉన్నచోట వేడి ఎక్కువ. మొదటి రోజే యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి చాలాసేపు తోలితే ఆ కొనల దగ్గర ఆయిల్ పొర తెగుతుంది, లోహం లోహానికి అంటుకుంటుంది, పిస్టన్ మీద నిలువు చారలు పడతాయి. ముదిరితే ఇంజన్ పట్టేస్తుంది. ఇంటర్నెట్‌లో కొందరు విదేశీ రేసింగ్ మెకానిక్కుల పేరు చెప్పి మొదటి రోజే దంచి నడపాలని రాస్తుంటారు. వారు చెప్పే బరువు సిద్ధాంతంలో నిజం ఉన్నా, వేడి సంగతిని వారు తేలికగా తీసుకుంటారనే నా అభిప్రాయం. మన ఎండలో, మన ట్రాఫిక్‌లో, వారంటీ ఉన్న బండి మీద అది అనవసరమైన సాహసం.

యమహా ఆర్‌15లో వాడే డయాసిల్ సిలిండర్, కేటీఎం డ్యూక్‌లో వాడే నికాసిల్ పూత వంటివి మామూలు పోత ఇనుము లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) కంటే చాలా గట్టివి. అక్కడ గోడ అరిగేది తక్కువ, రింగు ఒదిగేది ఎక్కువ. నడిపే పద్ధతి మాత్రం మారదు.

షోరూమ్‌లో ఉండగానే

బండితో ఇచ్చే యజమాని పుస్తకాన్ని ఇంటికి వెళ్లాక బీరువాలో పెట్టకుండా అక్కడే తెరిచి రన్నింగ్-ఇన్ పేజీని చదవండి. కంపెనీకీ కంపెనీకీ సూచన మారుతుంది. హోండా పుస్తకాలు మొదటి 500 కిలోమీటర్లలో పూర్తి యాక్సిలరేటర్‌తో బయలుదేరడం, ఒక్కసారిగా గట్టి బ్రేకులు వేయడం, హఠాత్తుగా గేర్లు దించడం వద్దంటాయి. యమహా పుస్తకాలు ఇంజన్ తిరుగుడుకు, అంటే ఆర్‌పీఎంకు, హద్దు చెప్పి, 1000 కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టర్ తప్పనిసరిగా మార్చమంటాయి. ఇక్కడ నేను చెప్పేదానికీ మీ బండి పుస్తకానికీ ఎక్కడైనా తేడా వస్తే పుస్తకం మాటే పాటించండి, ఎందుకంటే వారంటీ దాని మీదే నిలుస్తుంది.

తరువాత ఆయిల్ మట్టం చూడండి. బండిని సమతలంగా ఉన్నచోట సెంటర్ స్టాండ్ వేసి నిలబెట్టాలి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్న బండిలో మట్టం తప్పు చూపిస్తుంది. అనేక 100, 125 సీసీ బండ్లలో డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం చూపే పుల్లను) మర తిప్పకుండా, అంచు మీద ఆనించి మాత్రమే చూడాలి. కొన్ని బండ్లలో గాజు కిటికీ ఉంటుంది. టైర్ల గాలి మాత్రం తప్పకుండా కొలిపించండి, ఎందుకంటే గోదాములో నిలిచి వచ్చిన బండిలో గాలి తక్కువగానో ఎక్కువగానో ఉండడం తరచూ కనిపిస్తుంది. చైన్ వదులు పుస్తకంలో చెప్పినంత ఉందా, క్లచ్ లీవర్‌కు కొద్దిపాటి ఖాళీ ఆట ఉందా అన్నవి కూడా చేత్తో చూసుకోవచ్చు.

ఇక పూజ. విజయవాడలో కొత్త బండి కొన్నవారు దుర్గమ్మ దగ్గర వాహన పూజ చేయించకుండా ఇంటికి వెళ్లడం అరుదు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం వల్ల ఇంజన్‌కు వచ్చే నష్టమేమీ లేదు. ఆ ఉత్సాహంలో న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ మెలితిప్పి బండిని గుర్రుమనిపించడమే వద్దు. అప్పుడు ఇంజన్ ఇంకా చల్లగా ఉంటుంది, దాని మీద బరువేమీ ఉండదు, క్షణంలో తిరుగుడు హద్దు దాటుతుంది. మరొక చిన్న జాగ్రత్త: పసుపు, కుంకుమ, గంధం డిస్క్ బ్రేకు పళ్లెం మీద పడకుండా చూసుకోండి, పడితే బయలుదేరే ముందే శుభ్రమైన పొడి గుడ్డతో తుడవండి. హ్యాండిల్‌కు కట్టిన పూలదండ బ్రేకు లీవర్‌కో ముందు చక్రానికో చుట్టుకోకుండా, గుడి ముందు నుంచి కదిలేలోపే విప్పి సీటు కింద పెట్టుకోవడం మంచిది.

మొదటి 100 నుంచి 150 కిలోమీటర్లు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (భారత్ స్టేజ్-6) కాలుష్య ప్రమాణం వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తోనే వస్తున్నాయి. చోక్ లాగే పని లేదు. తాళం తిప్పాక పెట్రోలు పంపు శబ్దం ఆగి, ఇంజన్ గుర్తు దీపం ఆరే వరకు రెండు మూడు సెకన్లు ఆగి స్టార్ట్ చేయండి. స్టార్ట్ అయ్యాక అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వదిలితే ఆయిల్ పైదాకా చేరుతుంది. అంతకు మించి, ఇంటి ముందు పది నిమిషాలు బండిని ఊరికే తిరగనివ్వడం మంచి అలవాటు కాదు. ఐడ్లింగ్‌లో సిలిండర్ పీడనం తక్కువ, చల్లని ఇంజన్‌లోకి వెళ్లే పెట్రోలు మోతాదు ఎక్కువ. ఆ అదనపు పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. కాబట్టి నిమిషం తరువాత కదలండి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుతూనే ఇంజన్‌ను వేడెక్కనివ్వండి.

ఈ మొదటి దశలో ఇంజన్‌తో పాటు టైర్లు, బ్రేకులు కూడా కొత్తవేనన్నది మరచిపోకూడదు. కొత్త టైరు పైపొర నున్నగా ఉండి పట్టు తక్కువగా ఇస్తుంది. సుమారు 150 కిలోమీటర్లు నడిచి పైపొర గరుకెక్కే వరకు మలుపుల్లో బండిని ఎక్కువగా వాల్చకండి. వాన పడి తడిసిన రోడ్డు మీద, ముఖ్యంగా ఫ్లైఓవర్ల ఇనుప జాయింట్లు, రైల్వే గేట్ల పట్టాలు దాటేటప్పుడు, రెట్టింపు జాగ్రత్త అవసరం. బ్రేకులకు కూడా ఒదిగే పని ఉంది. వాహనాలు లేని రోడ్డు మీద 40 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి, రెండు బ్రేకులూ వాడుతూ, క్రమంగా పెరిగే ఒత్తిడితో తగ్గించండి. మళ్లీ వేగం అందుకుని కొంత దూరం బ్రేకు ముట్టకుండా వెళ్లి చల్లారనివ్వండి. ఇలా పది సార్ల వరకు చేస్తే ప్యాడ్లు పళ్లేనికి అమరుతాయి. అప్పటిదాకా ముందు వాహనానికి మామూలుకంటే ఎక్కువ దూరం పాటించాలి.

మొదటి ప్రయాణాలను చిన్నవిగా పెట్టుకోండి. ఇరవై నిమిషాలో అరగంటో నడిపి, ఇంజన్‌ను పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ బయలుదేరడం మంచిది. వేడెక్కినప్పుడు లోహం వ్యాకోచిస్తుంది, చల్లారినప్పుడు కుంచించుకుంటుంది. ఇలా కొన్ని విడతలు జరిగాక బోల్టులు, గాస్కెట్లు, భాగాలు తమ స్థానాల్లో కుదురుకుంటాయి.

అసలు నడిపే పద్ధతి

వేగాన్ని బట్టి కాకుండా ఇంజన్ తిరుగుడును బట్టి హద్దు పెట్టుకోవడం సరైనది. 97.2 సీసీ స్ప్లెండర్ ప్లస్ ఇంజన్ తన గరిష్ఠ శక్తిని 8000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ ఇంజన్ 6100 దగ్గర ఇస్తుంది. ఈ రెండింటికీ "నలభై" అని ఒకే అంకె చెప్పడంలో అర్థం లేదు. పైగా అదే నలభైని రెండో గేరులో పోతే ఇంజన్ అరుస్తుంది, టాప్ గేరులో పోతే పెద్దబండి ఇంజన్ కొట్టుకుంటుంది. పుస్తకంలో వేరే అంకె లేకపోతే మొదటి 500 కిలోమీటర్లలో గరిష్ఠ శక్తి వచ్చే ఆర్‌పీఎంలో సగానికి కాస్త అటు ఇటుగా, సాధారణంగా మూడింట రెండు వంతులు దాటకుండా నడపండి. టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటరు) లేని బండిలో చెవే సాధనం: ఇంజన్ శబ్దం గొంతు పెంచి అరిచే స్థితికి రాకముందే గేరు పెంచాలి, వణుకుతూ గుంజుకునే స్థితికి రాకముందే గేరు దించాలి. చాలా కంపెనీల పుస్తకాల్లో గేరువారీగా వేగ పరిమితులు కూడా పట్టికగా ఉంటాయి. ఆ నాలుగైదు అంకెలను చిన్న కాగితం మీద రాసి ట్యాంకు మీద అంటించుకున్నా తప్పులేదు.

ఇప్పుడు బరువు వేసే విధానం. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, వెనక వాహనం లేదని అద్దంలో చూసుకుని, మూడో గేరులో 25 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టండి. యాక్సిలరేటర్‌ను కుదుపు లేకుండా సగం వరకు తెరిచి 45 వరకు వేగం అందుకోనివ్వండి. చేరగానే యాక్సిలరేటర్ పూర్తిగా వదలండి, క్లచ్ మాత్రం పట్టుకోకండి. బండి గేరులోనే ఉండి, ఇంజన్ బలంతోనే మళ్లీ 25కు దిగాలి. తెరిచినప్పుడు మండే గ్యాసు రింగులను గోడకు ఒత్తుతుంది. వదిలినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే శూన్య పీడనం కింది నుంచి కొంత ఆయిల్‌ను పైకి లాగి, అరిగిన లోహపు సన్నపొడిని కడిగి తీసుకుపోతుంది, గోడను చల్లబరుస్తుంది. ఈ రెండు భాగాలూ సమాన ముఖ్యమైనవే. చాలామంది యాక్సిలరేటర్ వదలగానే అలవాటు కొద్దీ క్లచ్ నొక్కేస్తారు, దానితో రెండో సగం జరగకుండా పోతుంది.

ఇలా ఐదారు సార్లు చేసి, తరువాత నాలుగైదు నిమిషాలు తేలికగా నడిపి ఇంజన్‌ను తేరుకోనివ్వండి. మళ్లీ ఐదారు సార్లు. పై అంకెలు 100 నుంచి 125 సీసీ బండ్లకు. 350 సీసీ బండిలో అదే పనిని కాస్త ఎక్కువ వేగాల మధ్య, ఇంజన్ వణకని గేరులో చేయాలి. మొదటి 200 కిలోమీటర్లలో సగం యాక్సిలరేటర్‌తో ఆగి, 500 దగ్గరికి వచ్చేసరికి అప్పుడప్పుడు, క్షణకాలం, నాలుగింట మూడు వంతుల వరకు తెరవవచ్చు. ఎక్కువసేపు తెరిచి ఉంచడం వేరు, కొద్దిసేపు తెరిచి వదలడం వేరు. వేడి పేరుకునేది మొదటిదానిలోనే.

దీనికి అనువైన రోడ్డు ఎంచుకోవడం సగం పని. విజయవాడ, గుంటూరు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి సాఫీగా ఉండడమే ఇక్కడ దాని లోపం: కనకదుర్గ వారధి దాటాక తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని వరకు టాప్ గేరులో ఒకే వేగంతో వెళ్లమని రోడ్డే ఊరిస్తుంది. పైగా వెనక నుంచి లారీలు, బస్సులు దూసుకువస్తుండగా వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపడం ప్రాణానికి కూడా మంచిది కాదు. అలాగని బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల సందులో, గుంటూరు బ్రాడీపేట రద్దీలో తిరిగినా రింగులకు కావలసిన బరువు పడదు. ఊళ్లూ పొలాలూ మలుపులూ కలిసి వచ్చే రెండు వరసల రోడ్లు దీనికి శ్రేష్ఠం. విజయవాడవారికి నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్లే రోడ్డు ఉంది. గుంటూరువారికి లాం, తాడికొండ మీదుగా తుళ్లూరు రోడ్డు, నందివెలుగు మీదుగా తెనాలి రోడ్డు ఉన్నాయి. ఊరు రాగానే రెండో గేరుకు దిగడం, ఊరు దాటగానే మళ్లీ అందుకోవడం, మలుపు, గేదెల మంద, స్పీడ్ బ్రేకరు అన్నీ కలిసి పైన చెప్పిన పాఠాన్ని మీరు ప్రయత్నించకుండానే చేయిస్తాయి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు వెళితే రోడ్డూ ఖాళీగా ఉంటుంది, గాలీ చల్లగా ఉంటుంది. రోజూ హైవే మీదే ఉద్యోగానికి వెళ్లక తప్పనివారు ఎడమవైపు వరసలో ఉండి, ప్రతి రెండు మూడు నిమిషాలకు వేగాన్ని 45, 60ల మధ్య మార్చుతూ, అవసరమైతే ఒక గేరు దించి నడుపుతూ, మంగళగిరి దగ్గర పది నిమిషాలు ఆగి టీ తాగి వెళితే చాలు.

ఎండ, సిగ్నళ్లు

గాలితో చల్లబడే ఇంజన్ కదులుతున్నప్పుడే చల్లబడుతుంది. మే నెలలో ఈ రెండు ఊళ్లలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అటువంటి మధ్యాహ్నం బందరు రోడ్డు మీద ఒక సిగ్నల్ నుంచి మరొక సిగ్నల్‌కు పాకుతూ వెళ్లే కొత్త ఇంజన్ హైవే మీద 60లో వెళ్లే ఇంజన్ కంటే ఎక్కువ కష్టపడుతుంది. సిగ్నల్ అంకె ముప్పై సెకన్లకు మించి ఉంటే ఇంజన్ ఆపేయండి. క్లచ్‌ను సగం పట్టుకుని బండిని అంగుళం అంగుళం జరపడం మానండి, క్లచ్ ప్లేట్లు కూడా కొత్తవే. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం వరస కదలకుండా నిలిచినప్పుడు న్యూట్రల్ వేసి ఆపుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. వేసవిలో కొన్నవారు తొలి 500 కిలోమీటర్లను వీలైనంతవరకు ఉదయాలకూ సాయంత్రాలకూ మార్చుకుంటే మంచిది.

వేడెక్కిన ఇంజన్ మీద చల్లని నీళ్లు కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వాటర్ సర్వీసింగ్‌కు ఇవ్వాలంటే బండి చల్లారేదాకా ఆగాలి.

ఈ కాలంలో మానుకోవలసినవి

బండి వచ్చిన ఆనందంలో మొదటి ఆదివారమే ఇద్దరు ఎక్కి శ్రీశైలానికో సూర్యలంక బీచికో బయలుదేరేవారు ఉంటారు. మొదటి 500 కిలోమీటర్లు వీలైనంతవరకు ఒక్కరే నడపండి; వెనక మనిషిని ఎక్కించుకోక తప్పకపోతే దూరం తక్కువగా, గేరు ఒకటి తక్కువగా పెట్టుకోండి. కొండవీడు, కోటప్పకొండ ఘాట్ రోడ్ల వంటి ఎత్తులు మొదటి సర్వీసు అయ్యాకే. పెద్ద గేరులో తక్కువ వేగంతో బండిని గుంజుకుంటూ నడపడం మైలేజీకి మంచిదనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి అలా నడిపినప్పుడు పిస్టన్ మీద, బేరింగుల మీద పడే దెబ్బ ఎక్కువ, ఆయిల్ పంపు ఇచ్చే ఒత్తిడి తక్కువ. కొత్త ఇంజన్‌కు ఇది అతివేగమంత చెడ్డది. గేరు దించడానికి మొహమాటపడకండి.

కౌంటరు దగ్గర అమ్మే ఇంజన్ కోటింగులు, ఆయిల్‌లో కలిపే సీసాల మందులు ఈ దశలో అసలు వద్దు. రాపిడిని బాగా తగ్గించడమే వాటి పని అయితే, రింగులు సెట్ కావడానికి కావలసిన ఆ కొద్ది రాపిడిని కూడా అవి అడ్డుకుంటాయి. మైలేజీ లెక్కలు కూడా ఇప్పుడే మొదలుపెట్టి షోరూమ్‌తో తగువు పెట్టుకోకండి. బిగుతుగా ఉన్న ఇంజన్ కొంత ఎక్కువ తాగుతుంది. వేగం మారుస్తూ నడిపే ఈ పద్ధతిలో మరికొంత తాగుతుంది. రెండో సర్వీసు తరువాత వచ్చే అంకెనే అసలు మైలేజీగా తీసుకోవాలి.

మొదటి సర్వీసు

మొదటి సర్వీసు గడువును కంపెనీలు ఎక్కువగా 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య పెడతాయి, దానితో పాటు రోజుల గడువు కూడా ఉంటుంది. రెండింటిలో ఏది ముందు వస్తే అదే లెక్క. తక్కువ తిరిగేవారు కిలోమీటర్లు నిండలేదని ఆగిపోతే తరువాత వారంటీ దగ్గర చిక్కు వస్తుంది. ఈ సర్వీసులో అన్నిటికంటే ముఖ్యమైనది ఆయిల్ మార్పు. రింగులు, గేర్లు, క్యామ్ అరిగి వదిలిన లోహపు పొడి అంతా ఆ ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. మోటార్‌సైకిల్‌లో ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ క్లచ్‌కూ సాధారణంగా ఒకే ఆయిల్ కాబట్టి ఆ పొడి అన్నిచోట్లకూ చేరుతుంది. "ఆయిల్ ఇంకా బాగానే ఉంది, వచ్చేసారి మార్చుదాం" అనే మాట ఎక్కడైనా వినబడితే ఒప్పుకోకండి. వీలైతే ఆయిల్ దించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. వెలుతురులో పట్టి చూస్తే సన్నని మెరుపు కనిపించడం సహజం. గోటికి తగిలేంత రేకులు కనిపిస్తే వెంటనే సూపర్‌వైజరును పిలిచి చూపించి, జాబ్‌కార్డు మీద రాయించండి. ఫిల్టర్ ఉన్న బండిలో ఫిల్టర్ మార్చారా, జల్లెడ ఉన్న బండిలో దానిని కడిగారా అని అడగండి. డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తది వేయించండి, చాలా లీకులు అక్కడే మొదలవుతాయి.

పోసే ఆయిల్ డబ్బా సీలు మీ ముందే విప్పించండి. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే సంఖ్య, పుస్తకంలో చెప్పినదే ఉండాలి: 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి 10డబ్ల్యూ-30 సరిపోతుంది, 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో 15డబ్ల్యూ-50 వాడతారు. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు ఉండాలి, ఎందుకంటే మోటార్‌సైకిల్ క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు కోసం తయారైన కొన్ని ఆయిళ్లలోని రాపిడి తగ్గించే పదార్థాల వల్ల ఆ ప్లేట్లు జారుతాయి. పూర్తి సింథటిక్‌కు మారాలన్న కోరిక ఉంటే, కంపెనీయే అది వాడమంటే తప్ప, రన్నింగ్-ఇన్ పూర్తయ్యేదాకా ఆగండి.

ఆయిల్ తరువాత చైన్. కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఎక్కువగా సాగుతుంది. అనేక బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. బిగుతు మరీ ఎక్కువైతే గేర్‌బాక్సు బేరింగుకు హాని. వాల్వులకూ వాటిని తెరిచే ట్యాపెట్లకూ మధ్య ఖాళీని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడవలసి ఉంటుంది కాబట్టి బండిని ఉదయాన్నే ఇచ్చి, చల్లారాకే చూడమని చెప్పడం మంచిది. క్లచ్ కేబుల్, హెడ్ బేరింగ్, స్పోకులు ఉంటే వాటి బిగుతు కూడా జాబ్‌కార్డులో రాయించుకోండి.

సర్వీసు తరువాత

500 నుంచి 1000 వరకు తిరుగుడు హద్దును కొంచెం కొంచెంగా పెంచండి. గరిష్ఠ శక్తి వచ్చే ఆర్‌పీఎంలో నాలుగింట మూడు వంతుల వరకు వెళ్లవచ్చు, అయితే అక్కడ నిలిచిపోకూడదు. 1000 దాటాక అప్పుడప్పుడు పూర్తి యాక్సిలరేటర్ కొన్ని సెకన్లు ఇచ్చి వదలవచ్చు, ఇద్దరు ఎక్కవచ్చు, దూర ప్రయాణాలు, గంటకొకసారి ఆగుతూ, మొదలుపెట్టవచ్చు. కొన్ని కంపెనీలు ఈ కాలాన్ని 2000 వరకు సాగదీస్తాయి, అలా ఉంటే అలాగే పాటించండి. గడువు ముగిసిన మరుసటి రోజు నుంచి ఎలా పడితే అలా తోలవచ్చని దీని అర్థం కాదు. చల్లని ఇంజన్‌ను దంచకపోవడమనే నియమానికి గడువు లేదు.

ఈ కాలమంతా ప్రతి 250 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మట్టం చూడండి. రింగులు సెట్ అయ్యే రోజుల్లో కొద్దిగా తగ్గడం వింత కాదు. 1000 దాటాక కూడా తగ్గుతూనే ఉంటే, సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తుంటే సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయించండి. చలికాలం ఉదయాన స్టార్ట్ చేసిన కాసేపు వచ్చే తెల్లనిది నీటి ఆవిరే, పొగ కాదు, కంగారుపడవద్దు. వేడి సైలెన్సర్ మొదటి రోజుల్లో పూత కాలిన వాసన ఇవ్వడం కూడా మామూలే. టక్కుటక్కుమనే లోహపు శబ్దం వేడెక్కినకొద్దీ పెరుగుతుంటే మాత్రం నడపడం ఆపి చూపించాలి.

గేర్లు లేని స్కూటరుకు ఇవే సూత్రాలు వర్తిస్తాయి. అక్కడ గేరు మార్పు మీ చేతిలో లేదు కాబట్టి యాక్సిలరేటర్ మార్పే మిగులుతుంది. స్కూటరు క్లచ్ ఆయిల్‌లో మునగదు, అందుకే దాని ఆయిల్ డబ్బా మీద జాసో ఎంబీ అన్న గుర్తు ఉంటుంది.

బోరు చేయించిన పాత బండి

ఆటోనగర్‌లో బోరు చేయించి, అంటే అరిగిన సిలిండర్‌ను లోపల చెక్కి కాస్త పెద్దది చేయించి, కొత్త పిస్టన్ వేసిన పాత బండి కూడా ఈ లెక్కలో కొత్త బండే. పైగా ఫ్యాక్టరీ శుభ్రత అక్కడ ఉండదు కాబట్టి మరింత జాగ్రత్త కావాలి. పిస్టన్ 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు చొప్పున పెద్ద సైజుల్లో దొరుకుతుంది. ఏది వేశారో బిల్లు మీద రాయించుకోండి, తరువాతి బోరుకు ఆ అంకె అవసరమవుతుంది. హోనింగ్ రాయి నుంచి రాలిన గరుకు పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిస్తే అది పోదు. వేడినీళ్లు, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, తెల్లగుడ్డకు ఆయిల్ అద్ది లోపల తుడిచినప్పుడు గుడ్డ తెల్లగానే రావాలి. ఆ వెంటనే బోరుకు ఆయిల్ పట్టించాలి, లేకపోతే గంటల్లో తుప్పు మొదలవుతుంది. ఇంజన్ బిగించే ముందు ఈ పని మీ ఎదుట చేయమని అడగండి. బండి చేతికి వచ్చాక పైన చెప్పిన పద్ధతిలోనే నడిపి, 300 కిలోమీటర్లలోపే ఆయిల్ మార్చండి, మళ్లీ 1000 దగ్గర మార్చండి.